బండి ఆగితే ముందు మూత తీయండి

వ్యవసాయ కూలీ ఇంటి ముందు మోటారు సైకిలు కనిపిస్తే చాలు, "కూలోళ్ళకేం తక్కువైంది, బండ్ల మీద తిరుగుతున్నారు" అనే పెద్దమనుషులు ఊరూరా ఉన్నారు. ఆ బండి ఎలాంటిదో వాళ్ళు దగ్గరికొచ్చి చూడరు. ముగ్గురి చేతులు మారి, నాలుగోవాడి గుమ్మంలోకి అప్పు మీద వచ్చిన బండి అది. పదిహేనేళ్ళ నాటి స్ప్లెండరో, సీటు చిరిగిన టీవీఎస్ ఎక్స్‌ఎల్లో అయి ఉంటుంది. సొంత ఊళ్ళో పని లేని రోజున పది పదిహేను కిలోమీటర్ల అవతల మిరపకాయ కోతకో, వరి నాట్లకో పోవాలంటే అదే దిక్కు. కొడవలి, పార ఎట్లాగో అదీ అట్లాగే ఒక పనిముట్టు. తెల్లవారుజామున అది దారిలో ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆలస్యంగా వచ్చినవాణ్ణి మేస్త్రి చేలోకి దిగనివ్వడు. వెనక కూర్చుని వచ్చిన ఇంటామె కూలి కూడా దాంతోపాటే పోతుంది.

ఈ శీర్షికలో మనం కూలి రేట్లు, విత్తనాలు, గిట్టుబాటు ధరల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి పెట్రోలు గొట్టం గురించేమిటి అని ఎవరికైనా వింతగా తోచవచ్చు. కూలీ జేబులోంచి పోయే డబ్బు ఎటు పోయినా అది మనకు సంబంధించిన విషయమే. పైగా ఈ నష్టంలో చాలా భాగం తెలియనితనం వల్ల జరుగుతున్నది.

దారిలో మొరాయించే పాత బండ్లలో చాలావాటికి ఇంజనులో జబ్బేమీ ఉండదు. ట్యాంకులో పెట్రోలు ఉంటుంది, అది కార్బురేటరు దాకా రాదు. అంతే. మనవాళ్ళు చేసేదేమిటి? బండిని రెండు కిలోమీటర్లు తోసుకుంటూ పోయి మెకానిక్కు ముందు నిలబెడతారు. అతను కార్బురేటరు విప్పుతాడు, పెట్రోలుతో కడుగుతాడు, గాలి కొడతాడు, మళ్ళీ బిగిస్తాడు. బండి నడుస్తుంది. రెండు రోజులకు మళ్ళీ ఆగుతుంది. ఇందులో మెకానిక్కును తిట్టి లాభం లేదు. చెట్టు కింద పానాల డబ్బా పెట్టుకున్న ఆ కుర్రవాడు కూడా శ్రమజీవే. "తొందరగా కానీయవయ్యా" అని నెత్తి మీద నిలబడతాం. ఏదో ఒకటి విప్పకపోతే పని చేసినట్టు మనకే అనిపించదు, డబ్బులివ్వడానికి చెయ్యి రాదు. అందుకని అన్నిటికంటే చివర విప్పవలసింది అన్నిటికంటే ముందు విప్పబడుతున్నది.

పాత బండిలో పెట్రోలు వచ్చే దారి తెలుసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. దానికి పంపు లేదు, మోటారు లేదు. ఎత్తు మీద ఉన్న ట్యాంకులోంచి తన బరువుతో తానే కిందికి దిగుతుంది, చెరువు తూము నుంచి కాలువకు నీరు దిగినట్టు. ట్యాంకు, దాని అడుగున జల్లెడ, ట్యాపు, రబ్బరు పైపు, కార్బురేటరు గిన్నె, గిన్నెలోంచి పెట్రోలును పీల్చుకునే సన్న బెజ్జాల జెట్లు. ఇదే కాలువ. కాలువకు నీళ్ళు రాకపోతే మనం ముందు చివరి చేను తవ్వం కదా, తూము దగ్గర్నుంచి చూసుకుంటూ వస్తాం. ఇక్కడా అంతే.

అయితే మొదట తేల్చుకోవలసింది లోటు పెట్రోలుదా, కరెంటుదా అని. స్విచ్చి కట్టేసినట్టు ఠక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. దగ్గి, కుదిపి, ఎక్సలేటరు తిప్పినా అందుకోలేక మెల్లమెల్లగా చచ్చిపోతే అది పెట్రోలు లోటు. ఇంకా అనుమానం ఉంటే పది కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పండి. కొస పొడిగా ఉంటే పెట్రోలు చేరలేదు. తడిసి వాసన కొడుతుంటే చేరింది కానీ మండలేదు, లేదా ఎక్కువై ముంచేసింది. ప్లగ్గు పానా ఒక్కటి సీటు కింద ఉంటే ఈ మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు తూము సంగతి. ట్యాంకు మూతకు ఒక సన్న గాలి బెజ్జం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఖాళీ అయిన చోటులోకి బయటి గాలి ఆ బెజ్జంలోంచి వస్తుంది. అది మూసుకుపోతే లోపల గాలి పలచబడి, పెట్రోలును కిందికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. నూనె డబ్బాకు ఒక్కటే బెజ్జం కొట్టి వంచి చూడండి. గుళుక్ గుళుక్‌మని రెండు చుక్కలు రాలి ఆగిపోతుంది. రెండో బెజ్జం కొడితేనే ధార కడుతుంది. ఈ సంగతి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఈ జబ్బు గుర్తు ఏమిటంటే, బండి మూడు నాలుగు కిలోమీటర్లు బాగానే పోతుంది. తర్వాత దగ్గుతుంది, ఆగుతుంది. పక్కన పెట్టి బీడీ కాల్చేలోగా లోపలికి ఎలాగో కాస్త గాలి చేరుతుంది. కిక్కు కొడితే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ నాలుగు కిలోమీటర్లకు ఆగుతుంది. (ఆ బీడీ మాత్రం బండికి దూరంగా పోయి కాల్చండి. ఎందుకో కింద చెబుతాను.) ఆగిన వెంటనే మూత తీయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే జబ్బు దొరికింది. దానికి ఖర్చు ఒక సూదిమొన. బెజ్జంలో మట్టి తీసి, నోటితో ఊది, గాలి ఆడుతోందో లేదో చూసుకోవడమే. మన బండ్లకు ఈ జబ్బు ఎక్కువ ఎందుకంటే వాటి మీద మనం మోయించనిది లేదు. ట్యాంకు మీద యూరియా బస్తా, తౌడు బస్తా, గడ్డిమోపు. దుమ్మూ ధూళీ అంతా ఆ మూత సందుల్లోకే పోతుంది. పైగా ట్యాంకు రంగు పోకుండా రెక్సిను తొడుగొకటి వేయిస్తారు, అది బెజ్జాన్ని కప్పేస్తుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు బిగించి కట్టేవాళ్ళూ ఉన్నారు. బండి ఆగితే ఈ కవరును అనుమానించినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

మూత తప్పు కాదని తేలితే పైపు చూడాలి. ఇంజను చల్లారాక, కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి కొసను సీసాలో పెట్టి ట్యాపు తిప్పండి. ధార తెగకుండా వస్తే పైనంతా బాగున్నట్టు, రోగం కార్బురేటరులో ఉంది. మొదట జోరుగా వచ్చి క్రమంగా సన్నగిల్లితే మళ్ళీ మూత బెజ్జమే. మొదటి నుంచీ చుక్కలు చుక్కలుగా వస్తే ట్యాపులోనో, జల్లెడలోనో చెత్త పట్టింది. రెండు నిమిషాల పరీక్ష ఇది. ఇది చేయకుండా కార్బురేటరు విప్పనిచ్చేవాడు చేజేతులా డబ్బు పోగొట్టుకుంటున్నట్టే. పైపు కూడా ఒకసారి వేళ్ళతో నొక్కి చూడండి. ఎండకు బిరుసెక్కి పగిలిందా, మడత పడిందా, కొత్త పైపు వేసినవాడు అడుగు ఎక్కువ పెట్టి ఉయ్యాల వేలాడదీశాడా? పైకి ఎక్కి దిగే పైపులో గాలి చిక్కుకుంటుంది. మధ్యలో పెట్టిన పది రూపాయల ప్లాస్టిక్ ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటుంది, అది కార్బురేటరు వైపు చూడాలి. అది నల్లబడితే ఊదుకుంటూ కూర్చోకుండా మార్చేయడమే మంచిది. తన బరువుతో దిగే పెట్రోలుకు తోపు తక్కువ, కొంచెం అడ్డు పడినా నిలిచిపోతుంది.

ట్యాపు దగ్గర మనవాళ్ళకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎప్పుడూ రిజర్వులోనే పెట్టి నడుపుతారు. ట్యాపు లోపల రెండు దారులు ఉంటాయి. ఆన్‌లో పెడితే కొంచెం ఎత్తున ఉన్న గొట్టంలోంచి, రిజర్వులో పెడితే అడుగునుంచి పెట్రోలు వస్తుంది. ఎప్పుడూ రిజర్వులో నడిపితే రెండు నష్టాలు. పెట్రోలు అయిపోతోందన్న హెచ్చరిక ఉండదు. అడుగున చేరిన తుప్పు, ఇసుక, నీళ్ళు తిన్నగా కార్బురేటరులోకి పోతాయి. "యాభై రూపాయల పెట్రోలు పోయించుకునేవాడికి రిజర్వు కాక ఇంకేముంటుంది" అంటారు కొందరు. ఆ మాటలో బాధ ఉంది, నిజమూ ఉంది. నిండు ట్యాంకు మనకు పెళ్ళిళ్ళప్పుడే. కానీ ఖాళీ ట్యాంకే తొందరగా తుప్పు పడుతుంది. రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ రేకుకు చెమ్మలా పడుతుంది. కనీసం కూలి డబ్బులు చేతికొచ్చిన రోజున కాస్త ఎక్కువ పోయించి ఆన్‌లో నడపండి. ఏడాదికొకసారి ట్యాపు విప్పించి జల్లెడ కడిగించండి. రాత్రిపూట ట్యాపు కట్టేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక కార్బురేటరు. విప్పకముందు కూడా చూడవలసినవి ఉన్నాయి. గిన్నె అడుగున ఒక స్క్రూ ఉంటుంది. సీసా పెట్టి దాన్ని వదులు చేస్తే గిన్నెలోది దిగుతుంది. ఏమీ రాకపోతే లోపలి తేలుడు బిళ్ళకు తగిలించిన నీడిల్ మూసుకుని అతుక్కుపోయి ఉండవచ్చు. స్క్రూడ్రైవరు పిడితో గిన్నె మీద రెండు సార్లు మెల్లగా తడితే చాలాసార్లు ఊడి వస్తుంది. దీనికి ఎదురు జబ్బు, నీడిల్ మూసుకోకపోవడం. అప్పుడు ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంది, బండి పక్కన నిలబడితేనే వాసన వస్తుంది. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఆ పెట్రోలు ఇంజనులోకి కూడా దిగి ఆయిలు పలచబడవచ్చు. ఆయిలు కొలిచే పుల్ల తీసి వాసన చూస్తే తెలుస్తుంది. పెట్రోలు కలిసిన ఆయిలుతో నడిపితే అప్పుడు నిజంగానే ఇంజను పోతుంది.

జెట్టు సంగతి చోక్ చెబుతుంది. వేడెక్కిన బండి చోక్ లాగితేనే నడుస్తుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. చోక్ లాగితే ఇంకా చెడిపోతుంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడింది. స్లోలో నిలబడక, ఎక్సలేటరు ఇస్తే నడిచేది చిన్న జెట్టు జబ్బు. స్లోలో నిలబడి, జోరు ఇస్తే చచ్చిపోయేది పెద్ద జెట్టుది. ఈ ముక్క మెకానిక్కుకు చెప్పగలిగితే అతని పని సగం తగ్గుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. జెట్టును ఇనుప తీగతోగానీ గుండుసూదితోగానీ పొడవనివ్వకండి. అది ఇత్తడిది, మెత్తన. బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైతే బండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, మైలేజి ఎందుకు పడిపోయిందో ఎవడికీ అర్థం కాదు. గాలి కొట్టాలి. తప్పనిసరైతే కరెంటు వైరులోని సన్న రాగి పోగొకటి వాడాలి.

బీడీ మాటకొద్దాం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పది అడుగుల అవతల పొయ్యి ఉన్నా అంటుకోగలదు. ట్యాంకులో ఎంత ఉందో చూడటానికి అగ్గిపుల్ల గీసినవాళ్ళ కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ఈ పనులన్నీ ఆరుబయట, పగటిపూట, వంటింటికి దూరంగా చేయాలి. పైపు నోట పెట్టి పెట్రోలు పీల్చడం మానాలి. అది కడుపులోకి పోవడం ఒక ప్రమాదమైతే, ఊపిరితిత్తుల్లోకి పోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మింగినవాడికి వాంతి చేయించకండి, అప్పుడే అది ఊపిరిలోకి పోయేది. నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇంతవరకు చెప్పింది మన చేతిలో ఉన్న సంగతి. మన చేతిలో లేనిది ఒకటుంది, అది బంకులో పోసే పెట్రోలు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లోనే 5 శాతంతో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. 2022 జూన్ నాటికి 10 శాతం అయింది. 2030కి పెట్టుకున్న 20 శాతం గడువును ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి చెమ్మ అయితే పెట్రోలుతోపాటే కలుపుకుని మండించేస్తుంది, అది మంచిదే. కానీ నీరు హద్దు దాటిందంటే ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని విడిపోయి అడుగుకు దిగుతుంది. అప్పుడు అడుగున చేరేది నాలుగు నీటి చుక్కలు కాదు, ఒక పొర. రిజర్వులో నడిపేవాడి కార్బురేటరులోకి మొదట వచ్చేది అదే. పైగా ఇథనాల్ పాత ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది, దానికోసం తయారు కాని పాత రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది.

ఇక్కడ మనవాళ్ళలో ఒక అపోహ కూడా ఉంది. సీసాలో పెట్రోలు పట్టి, దానిలో నీళ్ళు పోసి ఊపి, అడుగున పొర పెరిగితే "బంకువాడు నీళ్ళు కలిపాడు" అని గొడవకు దిగుతున్నారు. పెరిగింది ఇథనాల్. అది బంకువాడు దొంగతనంగా కలిపింది కాదు, ప్రభుత్వ విధానం ప్రకారం కలిపి పంపింది. మనం నీళ్ళు పోయకముందే సీసాలో రెండు పొరలు కనిపిస్తే అప్పుడు అడగాలి. ట్యాంకరు ఎప్పుడు వచ్చింది, భూమిలోని ట్యాంకులో నీళ్ళు చేరాయా, కొలబద్దకు పేస్టు పూసి చూశావా అని అడగాలి. తప్పు ఉన్నచోట అడగడానికి, తప్పు లేనిచోట నోరు పారేసుకోకుండా ఉండటానికి ఈ తేడా తెలియాలి.

విధానాన్ని మాత్రం ప్రశ్నించవలసిందే. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికే పాత రకం ద్విచక్ర వాహనాలకు 20 శాతం మిశ్రమంతో 3 నుంచి 4 శాతం మైలేజి తగ్గుతుందని అంచనా కట్టింది. శక్తి తగ్గిన మేరకు ఇలాంటి ఇంధనం ధర మామూలు పెట్రోలుకన్నా తక్కువ ఉండాలని కూడా ఆ నివేదికే చెప్పింది. ధర తగ్గిందా? 2025 ఆగస్టులో అడిగితే, ఇథనాలే పెట్రోలుకన్నా ఖరీదైంది అని పెట్రోలియం శాఖ సమాధానం ఇచ్చింది. రోజుకు లీటరు కాల్చే కూలీకి ఏడాదిలో మూడు వందల రోజులకు పది లీటర్ల దాకా అదనంగా పడుతుంది. నూరు రూపాయలు దాటిన లీటరు ధరతో లెక్కవేస్తే రెండు మూడు రోజుల కూలి. ఆ శాఖ చెప్పిన ఇంకో ముక్క కూడా ఉంది. కొన్ని పాత బండ్లకు ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చు, అది చవకైన పనే అని. లక్ష కిలోమీటర్లు దాటిన బండి మీద బతికేవాడికి ఏది చవకో ఢిల్లీలో ఎలా తెలుస్తుంది? ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. కోర్టులో తలుపు మూసుకున్నా ధర మీద అడిగే తలుపు మూసుకోలేదు. (ఇథనాల్ ఫ్యాక్టరీలు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో రైతులు ఎందుకు రోడ్డెక్కారో దానికి ఇంకో రోజు కావాలి.)

బంకులో మనకున్న హక్కులు కూడా చాలామందికి తెలియవు. అనుమానం వస్తే అయిదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్రలో కొట్టి చూపమనవచ్చు. ఫిల్టరు కాగితం అడిగి, గొట్టం కొస తుడిచి ఒక చుక్క వేయవచ్చు. రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. ఫిర్యాదుల పుస్తకం ఉండాలి. ఒక్కడు అడిగితే "పో పోవయ్యా" అంటారు. పదిమంది కలిసి పోతే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన కొత్త బండ్ల కథ వేరు. పొగ తగ్గించే బీఎస్-6 నిబంధనలు వచ్చాక మనవాళ్ళు కొనే బండ్లలో చాలావాటికి కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. పొగ తగ్గడం మంచిదే, దాన్ని కాదనం. ట్యాంకులో పంపు ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు జుమ్మని చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు చూడండి, బ్యాటరీ చూడండి. అంతకు మించి ఇంట్లో విప్పకండి, ఆ పైపులో ఒత్తిడి ఉంటుంది. ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కనుక ఎప్పుడూ అడుగంటా నడిపితే పంపు కాలిపోతుంది. యాభై రూపాయల పెట్రోలువాడికి ఇక్కడా దెబ్బే. ఆ తర్వాత షోరూముకు పోవాలి, వాళ్ళ మిషను తగిలించాలి, వాళ్ళు చెప్పిందే బిల్లు. చెట్టు కింది మెకానిక్కు చేతిలోంచి పని జారిపోతున్నది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలు, వ్యవసాయ పరికరాలు రెండూ దాని పరిధిలోకి తెచ్చారు. పోర్టల్ వల్ల మన ఊరి మెకానిక్కుకు మిషను రాదు. ఐటీఐల్లో ఊరి మెకానిక్కులకు ఇంజెక్షను బండ్ల మీద ఉచితంగా తరగతులు పెట్టాలి, మండలానికొక పరీక్ష మిషను అందరికీ అందేలా ఉంచాలి. కార్యకర్తలు తహసీల్దారుకు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ కోరిక కూడా చేరిస్తే బాగుంటుంది.

ఈలోగా ఊళ్ళో చేయగలిగింది ఉంది. పనుల్లేని ఒక పూట, నమ్మకమైన మెకానిక్కును పిలిచి, అతని పూట కూలి చందా వేసి ఇచ్చి, బండ్లున్న వాళ్ళంతా చేరండి. గాజుసీసా ఒకటి, రెండడుగుల పైపు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు చాలు. ఆడవాళ్ళనూ పిలవండి. ఎక్స్‌ఎల్ నడిపి కూరగాయలు అమ్మేవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు. మందు కొట్టే తైవాన్ పంపు ఉన్నవాళ్ళు దాన్నీ పట్టుకురండి. పత్తి చేలో అది ఆగినప్పుడల్లా తాడు లాగి లాగి భుజాలు పడిపోతుంటాయి. దాని పెట్రోలు ట్యాంకు మూతకు కూడా గాలి బెజ్జం ఉంటుంది.